బార్డరే కదా

మా అమ్మాయి మెడ వెనక ఉన్న నలుపు మురికి కాదని డాక్టరు చెప్పేనాటికి, మా అత్తమ్మ ఒక ఎండాకాలమంతా దాన్ని రుద్దడంలోనే గడిపేసింది. శనగపిండి, పెరుగు, పసుపు. పసుపు అంటే మా ఇంట్లో అన్ని రోగాలకూ మందే. మా ఆయన నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. పసుపు మేము ప్రత్యేకంగా తెచ్చుకోనక్కర్లేదు, ఆయన చొక్కా దులిపితే చాలు. ఆదివారం పొద్దున బాత్రూం ముందర పీట వేసి, తొమ్మిదేళ్ల మనవరాలిని కూర్చోబెట్టి, జడ పైకెత్తి క్లిప్పు పెట్టి, అత్తమ్మ పని మొదలుపెట్టేది. పిల్ల “నానమ్మా, మండుతున్నది” అని ఏడ్చేది. “మండుతెనే పోతది, జెర ఓర్సుకో” అనేది ఈవిడ. మెడ ఎర్రబడేది. నలుపు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు.

చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. నేను బోధన్ రోడ్డులో ఒక పల్లెలో సర్కారు బడి టీచరును. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సు దిగి వస్తాను. ఏళ్ల తరబడి పిల్లల గోళ్లూ పళ్లూ తలలూ చూసినదాన్ని, ఏది మురికో ఏది కాదో ఆ మాత్రం తెలియదా? “అది మురికి గాదు అత్తమ్మా, రుద్దకున్రి” అంటే, “మరేంది? నువ్వు తెచ్చే వాసన సబ్బులతోనే అయింది” అనేది. గోడకు చెప్పినా నయమే, గోడ ఎదురు మాట్లాడదు. చివరికి పిల్ల మెడ మీద చర్మం లేచిన రోజున, ఖలీల్‌వాడిలో ఉన్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అత్తమ్మ కూడా వెంట వచ్చింది. తను లేకపోతే నేను డాక్టరుకు ఏమేం ఎక్కించి చెబుతానో అని ఆమె భయం.

డాక్టరు మెడ చూశాడు, చంకల కింద చూశాడు, పిల్లను బరువు తూచే మిషను మీద నిలబెట్టాడు. తర్వాత కాగితం ముందుకు లాక్కుని, “ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?” అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. “షుగరా సార్? మా ఇంటాయన నౌకరి జేసినన్ని రోజులు షుగర్లనే ఉండె. ఇప్పుడేడిది, ఎన్నడో బందయ్యె.”

డాక్టరు పెన్ను ఆగిపోయింది. ఉన్న షుగర్ బందయ్యే వైద్యం ఎక్కడ దొరికిందా అని ఆయన మా వంక చూశాడు. బోధన్ వాళ్లకు షుగర్ అంటే ముందు చక్కెర ఫ్యాక్టరీ అనీ, రోగం ఆ తర్వాతే అనీ నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మా మామ ఆ ఫ్యాక్టరీలో చెరకు రసం మరిగించే చోట పని చేశాడు. అది మూతపడ్డాక నిజామాబాద్‌కు వచ్చి మాతోనే ఉంటున్నాడు. “ఆ షుగర్ పోయింది సార్. ఈ షుగర్ ఉంది, మా మామకు” అన్నాను. ఇంటి గుట్టు బజారులో పెట్టినట్టు అత్తమ్మ నన్ను కొరకొరా చూసింది.

రక్త పరీక్ష కాగితం చూశాక డాక్టరు పిల్లను బయట కూర్చోమన్నాడు. మాతో ఇలా చెప్పాడు: “మెడ మీదది మురికి కాదు, రక్తంలో చక్కెర పెరగబోతుందనే గుర్తు. బార్డర్‌లో ఉంది. ఇంకా షుగర్ కాదు. జాగ్రత్తపడితే వెనక్కి వస్తుంది, లేకపోతే దాటుతుంది. చిన్నపిల్లకు ఇదంతా ఇప్పుడే చెప్పి భయపెట్టకండి. తినొద్దు తినొద్దని వెంటపడకండి. ముందు ఇల్లు మార్చండి. కళ్లెదుట ఏది ఉంటే పిల్లలు అదే తింటారు. పెద్దవాళ్లు ఏం చేస్తే వాళ్లూ అదే చేస్తారు.”

తొమ్మిదేళ్ల పిల్ల. దానికి ఇంకా బూట్ల లేసులు సరిగ్గా కట్టుకోవడం రాదు. ఆ వయసులో దాని రక్తం గురించి నేను వినాల్సిన మాటలా ఇవి? ఆటోలో పిల్లను దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అత్తమ్మ మాత్రం కాగితాలున్న కవరును ఒళ్లో సర్దుకుని, నన్ను ఊరడించడానికి అన్నట్టు, “బార్డరే గద బిడ్డా” అంది.

ఆ మాట వెనక ఉన్న ధీమా అర్థం కావాలంటే ఆవిడ పుట్టిల్లు తెలియాలి. కందకుర్తి పక్కన ఒక పల్లె. అక్కడ గోదారి మీద వంతెన దాటితే మహారాష్ట్ర. ఆవిడ చెల్లెలిని అవతలికే ఇచ్చారు. అంగడికి అటు పోతారు, పెళ్లికి అటు పోతారు, సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం వండుకుంటారు. సగం మాటలు మరాఠీలో మాట్లాడి, మిగతా సగం ఇంటికొచ్చాక తెలుగులో పూర్తిచేస్తారు. అలాంటి మనిషికి బార్డర్ అంటే భయమెందుకు ఉంటుంది? దాటడం, తిరిగి రావడం ఆవిడకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. కనీసం మా ఆయనైనా బెదురుతాడేమో అనుకున్నాను. సాయంత్రం యార్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. “బార్డర్ల ఉందంటె ఇంక మన దిక్కే ఉన్నట్టు గద” అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు లాక్కుని విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఇక డాక్టరు చెప్పిన రెండో మాట, ఇల్లు మార్చమన్నది, అది ఇంకో దారి పట్టింది. మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి, పక్కింటావిడ మా గడపలో కూర్చుని ఉంది. “గీ ఇల్లు మీకు కలిసి వస్తలేదని డాక్టరు గూడ జెప్పిండట గద” అంది ఎంతో సానుభూతితో. అత్తమ్మ వీధంతా చెప్పేసింది. డాక్టరు చదువుకున్నవాడు, మంచివాడు, వాస్తు కూడా తెలిసినవాడు, ఇల్లు మార్చమన్నాడు. ఆదివారానికల్లా ఒక వాస్తు ఆయన చేతిలో దిక్సూచి పట్టుకుని మా హాల్లో గుండ్రంగా తిరుగుతున్నాడు.

నేను తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాను. కానీ ఆయన ఫ్రిజ్ ముందు ఆగి, “ఈశాన్యంల గింత బరువుండొద్దమ్మా, పిల్లలకు మంచిది గాదు” అన్నాడు. నేను ఆగిపోయాను. ఆ ఫ్రిజ్ హాల్లో పిల్ల చేతికి అందేలా ఉండేది. తలుపు తెరిస్తే ఎదురుగా కూల్‌డ్రింకు సీసా, కింద అరలో క్రీము బిస్కెట్లు. దాన్ని వంటింట్లోకి నెట్టమని నేను రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను, ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆయన ఒక్క మాట అనగానే తండ్రీ కొడుకులు ఇద్దరూ చెరో పక్క పట్టుకుని జరిపేశారు. నాకు ధైర్యం వచ్చింది. “టీవీ సంగతి గూడ జెప్పున్రి” అన్నాను. తూర్పు ముఖంగా కూర్చుని తినాలన్నాడు. అలా కూర్చుంటే టీవీ వీపు వెనక పడుతుంది. ఇంకేం కావాలి? నేను చదివిన సైన్సుకు మనసులోనే క్షమాపణ చెప్పుకుని ఆయనకు చాయ్ ఇచ్చాను. చక్కెర లేని చాయ్. ఒక్క గుక్క తాగి, ఈ ఇంటి దోషం ఏ మూలన ఉందో ఇప్పుడు తెలిసినట్టు కప్పు కింద పెట్టేశాడు.

ఆ తర్వాత మిగతాది నేనే చేశాను. హాల్లో అద్దాల అలమారలో వరసగా ఉండే సీసాలన్నీ తీసేశాను, బిస్కెట్లు, సకినాలు, మిక్చర్, రంగు రంగుల చాక్లెట్లు. వాటి చోట జామపళ్లు, ఉడకబెట్టిన పల్లీలు, కాల్చిన మక్క కంకి పెట్టాను. పొయ్యి పక్కన ఉండే చక్కెర డబ్బా అటక ఎక్కింది. పెద్ద కంచాలు తీసేసి చిన్నవి పెట్టాను. తినేటప్పుడు ఫోను పట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే గిన్నెలు కడగాలని చెప్పాను. మొదటి వారం మా ఆయనే కడిగాడు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె మొదలుపెట్టాను. స్కిప్పింగ్ తాడు తలుపు కొక్కానికి వేలాడదీశాను, పోతూ వస్తూ కంటికి తగలాలని.

ఇదంతా చెప్పుకోవడానికి బాగుంటుంది. చేసి చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది. అటక మీది చక్కెర బియ్యం సంచిలోకి దిగింది. అక్కడి నుంచి తీస్తే దేవుడి గూట్లో, పటం వెనక తేలింది. “దేవుని నైవేద్యానికి బిడ్డా” అంది అత్తమ్మ. మా దేవుడికి ఎప్పటి నుంచి అంత తీపి కావాల్సి వచ్చిందో నాకు తెలియదు. మా ఆయన యార్డు నుంచి వస్తూ మిర్చి బజ్జీల పొట్లం తెచ్చేవాడు. పొట్లం మీద పసుపు వేళ్ల గుర్తులుండేవి కాబట్టి దొంగను వేరే పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. “తీపి తేలె గద” అనేవాడు అమాయకంగా. ఎవరు వచ్చినా నోరు తీపి చేయకుండా పంపడం బోధన్ మనుషుల ఒంట్లోనే లేదు. వచ్చినవాళ్ల ముందు నేను జామ ముక్కలు పెడితే, అత్తమ్మ తలుపు దాకా వెంటపోయి, చెవిలో ఏదో చెప్పి, చేతిలో పటికబెల్లం పెట్టేది. “టీచరమ్మ ఇంట్ల చాయ్ తాగితె మందు తాగినట్టుంటది” అని పక్కింటావిడ వీధిలో అన్న మాట పిల్లే వచ్చి నాకు చెప్పి నవ్వింది.

పిల్ల మాత్రం నేను అనుకున్నంత పేచీ పెట్టలేదు. బిస్కెట్లేవి అని అడిగింది. ఇంట్లో అందరికీ ఇక ఇంతే అన్నాను. తాత వైపు ఒకసారి చూసి, సరేనంది. నాకు కళ్లు చెమర్చాయి. ఇంత తొందరగా అర్థం చేసుకున్నదే అని మురిసిపోయాను. ఆ రోజు దానికి ఏం అర్థమైందో నాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఇంకొక మనిషి కూడా ఎదురు మాట్లాడలేదు. మా మామ. జొన్నరొట్టె పెడితే తిన్నాడు, చక్కెర లేని చాయ్ ఇస్తే తాగాడు. ఒక్కసారే, అలమార వైపు చూస్తూ, “పొల్లకు బిస్కెట్లు గూడ బందేనా?” అని అడిగాడు. “అందరికి బందే మామా” అన్నాను. ఏదో నమలడానికి కష్టమైనట్టు దవడ కదిలించి, రొట్టె తుంచుకున్నాడు. ఈ ఇంట్లో నా మాట విన్న ఒకే ఒక్క పెద్దమనిషి అనుకున్నాను. అందుకే, ఇద్దరూ నడవాలి కాబట్టి, సాయంత్రాలు పిల్లను తీసుకుని కాలేజీ గ్రౌండ్ దాకా నడిచి రమ్మని ఆయన్నే అడిగాను. మొదట నసిగాడు. తర్వాత ఆయనకే అలవాటైంది. నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి తాతా మనవరాలు ఇద్దరూ చెమటతో, సంతోషంగా, చేతులు పట్టుకుని వచ్చేవాళ్లు. డాక్టరు చెప్పినట్టే ఇల్లు మారుతున్నదని నేను బడిలో తోటి టీచర్లకు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మళ్లీ పరీక్ష చేయించిన రోజున ఆ గొప్పలన్నీ దిగిపోయాయి. తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది. డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ఎక్కడి నుంచో వస్తోందమ్మా, చూసుకోండి” అన్నాడు మెల్లగా.

ఎక్కడి నుంచి? నేను ఇంటికి వచ్చి, తాతా మనవరాలు నడకకు పోగానే, బియ్యం సంచి కుమ్మరించాను. దేవుడి గూడు వెతికాను. పాత చీరల మధ్య చూశాను. అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, “నా మీదనే వడ్డవా? నా కొడుకు మీద ఒట్టు, పొల్లకు నేను చారెడు శక్కర ఇయ్యలె” అంది. నేను నమ్మలేదు. ఒట్టు వేసేటప్పుడు కొడుకును ముందుకు నెట్టడం ఆవిడకు అలవాటే. ఆ రోజంతా మా ఇద్దరి బదులు గిన్నెలే మాట్లాడుకున్నాయి.

మరుసటి వారం, ఏదో ఊరేగింపు అడ్డమొచ్చి, మా బస్సు బస్టాండుకు చాలా ముందే మమ్మల్ని దింపేసింది. ఎండ తగ్గలేదు. గొణుక్కుంటూ సందుల్లోంచి నడుస్తున్నాను. ఒక మలుపులో జిలేబి బండి ఉంటుంది, పక్కనే రెండు చెక్క బల్లలు. ఒక బల్ల మీద మా పిల్ల కూర్చుని కాళ్లూపుతూ జిలేబి తింటోంది. పక్కన మా మామ. ఆయన చేతిలో ఏమీ లేదు. దాని నోటి వైపే చూస్తున్నాడు. అది కొరికినప్పుడల్లా ఆయన పెదవులు కూడా కొంచెం కదులుతున్నాయి.

నా చేతి సంచి ఎప్పుడు కింద పెట్టానో తెలియదు. వాళ్ల ముందుకు పోయి నిలబడ్డాను. మామ ఉలిక్కిపడి లేచి, దొంగతనం చేయలేదని చూపించే పిల్లవాడిలా రెండు అరచేతులూ ముందుకు చాపాడు.

“నేను ముట్టలె బిడ్డా. ఒక్క తుంట గూడ ముట్టలె. అడుగు పొల్లని.”

“మీరు ముట్టకపోతె ఏంది మామా? దానికి పెడుతున్నరు గద.”

“దానికేమైంది?” అన్నాడు. నిజంగానే అడిగాడు. “దాన్ని మెడ నలుపుకే గద డాక్టరు కాడికి తీసుకపోతిరి. షుగరున్నది నాకు. ఇల్లంత నా కోసం బందు వెడ్తిరి. మంచిదే, నేనేమన్న అన్ననా? కని అది సిన్న పొల్ల. నా బీమారికి దాని నోరెందుకు గట్టాలె? అందుకే నడిచొచ్చేటప్పుడు గింత ఇప్పిస్తున్న. నేను తినలేను. అది తింటుంటె సూస్త, గంతె.”

ఇన్నాళ్లుగా ఈ మనిషి, తన వల్లే మనవరాలి బిస్కెట్లు పోయాయని కుమిలిపోతూ, ఆ అప్పు తీర్చడానికి దానికి రోజూ జిలేబి తినిపిస్తున్నాడు. “మీ కోసమని ఎవరు జెప్పిన్రు మామా?” అన్నాను.

“మీ అత్త.”

మా అత్తమ్మ. కొడుకు మీద ఒట్టు వేసిన మా అత్తమ్మ. చారెడు చక్కెర ఇవ్వలేదన్నది నిజమే, ఒక్క అబద్ధం ఇచ్చింది. నాకు ఇక ఓపిక లేదు. పిల్ల పక్కనే ఉన్నదన్న సంగతి కూడా మరిచిపోయి, “మీ కోసం గాదు మామా. దానికే. దాని రక్తంల వచ్చింది. బార్డర్ల ఉందని డాక్టరు జెప్పిండు” అన్నాను.

మా ఇంట్లో బార్డరే కదా అనని మనిషి ఆయనొక్కడే. బల్ల మీద కూలబడ్డాడు. “నాకు గూడ ముందుగాల గట్లనే జెప్పిన్రు” అన్నాడు. పిల్ల చేతిలో సగం జిలేబి ఉంది. తినాలో వద్దో తెలియక మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. వేళ్ల సందుల్లోంచి పాకం కారుతోంది. నేను తుడుద్దామని చెయ్యి చాపితే భయపడి వెనక్కి జరిగింది.

ఇంటికి ఎలా నడిచామో గుర్తులేదు. చెప్పులు విప్పకుండానే అత్తమ్మను పట్టుకున్నాను. “మామకు ఎందుకు అబద్ధం జెప్పిన్రు? ఇల్లంత తలకిందులు జేస్తిని, మూడు నెలల సంది అందరి దగ్గర మాటలు పడితిని. మీరు చేసిన పనికి నా పిల్ల దినాం జిలేబి తినుకుంట తిరిగింది.” ఎదురు తిరుగుతుందనుకున్నాను. ఆవిడ కట్టుకున్న చీర కొంగునే మడతపెడుతూ కూర్చుంది. మామ హాల్లో మంచం మీద కూర్చుని వింటున్నాడు. ఆయన వినాలనే అన్నట్టు ఆవిడ మెల్లగా చెప్పింది.

“ఆయన కాలి వేలు తీసినప్పుడు దవాఖానల నేనే ఉన్న బిడ్డా. పట్టి విప్పి సూసుకుని, ‘పోనీ తియ్, నాతోనే పోవాలె గిది, నా పిల్లలకు రావొద్దు’ అన్నడు. కొడుకుది గాదు, మనుమరాలిది జెప్పాలె ఆయనకు. ఎట్ల జెప్పను? నీ షుగర్ కోసమే అన్న. ఆయనకెట్లైనా ఉన్నదే గద, ఇంకో మాట పడితె ఏమైతది అనుకున్న.”

నా కోపం చేతిలోంచి జారిపోయినట్టయింది. జారిపోయింది కాని తగ్గలేదు, అదే నా బాధ. ఎవరి మీద అరవాలి? ఈ ఇంట్లో అందరికీ అందరి మీదా ప్రేమే. ఆ ప్రేమతోనే ఒకరికొకరు నిజం చెప్పరు, ఆ ప్రేమతోనే పిల్లకు విషం లాంటిది తినిపిస్తారు. మంచితనం ఇంత ఎక్కువైన ఇంట్లో ఒక మనిషి ఎలా కాపురం చేయాలి? మామ మంచం మీది నుంచే, ఎవరినీ చూడకుండా, “రేపటి సంది దానికేం పెడితె నాకు గదే పెట్టున్రి. పక్కపక్కన కూసుంటం” అన్నాడు. సరే మామా అన్నాను.

అప్పుడు పిల్ల నా చీర పట్టుకుని లాగింది. అప్పటిదాకా అది తలుపు పక్కన నిలబడే ఉంది.

“మమ్మీ, షుగర్ నాకా?”

“షుగర్ గాదు. దాని దగ్గర దాక వచ్చింది.”

“మరి నాకెందుకు జెప్పలె?”

భయపెట్టొద్దని డాక్టరు అన్నాడని చెప్పాను. అది నా చీర వదిలింది. “నేను తాతకే అనుకున్న. తాత తినొద్దు గద, అందుకే ఇంట్ల అన్ని తీసేసిన్రు అనుకున్న. జిలేబి గూడ తాత కోసమే తిన్న మమ్మీ. నేను తింటుంటె తాత మంచిగ సూస్తడు. నాకైతె అంత ఇష్టం గూడ లేదు. పళ్లకు అతుక్కుంటది.”

మామ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను కింద కూర్చుని, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, డాక్టరు మాకు చెప్పినదంతా దానికి చెప్పాను. రక్తంలో చక్కెర అంటే ఏమిటి, మెడ ఎందుకు నల్లబడింది, అలమారలో సీసాలు ఎందుకు పోయాయి, తాత మందులు ఎందుకు వేసుకుంటాడు, అన్నీ. బడిలో ముప్పై మందికి ఏ పాఠమైనా చెప్పగలను, కానీ ఆ ఒక్కదానికి చెప్పేటప్పుడు ఒక్కో మాటా వెతుక్కోవాల్సి వచ్చింది. అది బుద్ధిగా విన్నది. అంతా అయ్యాక మంచం వైపు, తాత ఎడమ కాలి వైపు చూసింది.

“నాది గూడ తీస్తరా?”

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ ఆ కాలిని మంచం కిందికి లాక్కున్నాడు.

“తియ్యరు” అన్నాను. “నేనుండంగ తియ్యనియ్య.” మెల్లగా చెప్పాలనుకున్నది గట్టిగానే వచ్చింది, పిల్ల ఉలిక్కిపడేంత గట్టిగా. దానికి ఆ మాట ఇచ్చేశాను. ఇక ఈ ఇంట్లో ఎవరు ఎంత మూతి ముడుచుకున్నా నాకు లెక్కలేదు.